అప్ప తినని మామిడి

చిత్తూరు దగ్గర నుంచి

అప్ప కాళ్లకు దండాలు. నేనూ మీ మరిదీ ఇక్కడ క్షేమంగానే ఉన్నాం. నువ్వూ, బావా, పిల్లలూ, మన ఆవులూ, కాఫీ మొక్కలూ అందరూ బాగున్నారని తలుస్తున్నాను. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? కొండ ఎక్కేటప్పుడు బుట్ట బావకిచ్చి నువ్వు ఖాళీ చేతులతో నడవమని చెప్పాను. ఇచ్చి ఉండవు, నాకు తెలుసు. చిన్నోడికి బడి తెరిచారా? ఈసారైనా ఏడవకుండా వెళ్తున్నాడా? అక్కడ వానలు పడుతున్నాయని, నిన్న మన ఊరి నుంచి వచ్చిన సోమారి వదిన చెప్పింది. దుక్కులు మొదలుపెట్టారా?

ఇవన్నీ ముందు అడగాలి కాబట్టి అడిగాను. అడగకపోతే అప్పంటే లెక్క లేదా అంటావు. నిజానికి నీ మీద చాలా కోపంగా ఉన్నాను. ఆ సంగతి తరవాత వస్తుంది. కోపం మాట చదివి ఉత్తరం మడిచి దూలంలో దోపెయ్యకు. చివరిదాకా చదువు.

ఫోన్ ఉండగా ఉత్తరం ఏమిటని బావ నవ్వుతాడు. నవ్వనీ. సిగ్నల్ కోసం నువ్వు గట్టు ఎక్కాలి. అక్కడ ఊరంతా ఫోన్లు పట్టుకుని నిలబడి ఉంటుంది. నువ్వేమో స్పీకర్ పెట్టి, గెడ్డ నీళ్ల హోరులో అవతలి ఒడ్డు మనిషిని పిలిచినట్టు అరుస్తావు. పోయినసారి నాకు జలుబు చేసిందంటే, నీకంటే ముందు పక్క ఊరి ముసలాయన పిప్పళ్లు నూరి తాగమన్నాడు. ఇప్పుడు చెప్పబోయేవి ఊరు వినే మాటలు కావు. ఆశ్రమం బడిలో చదువుకున్నదానివి, నిదానంగా కూడబలుక్కుని చదువుకో. సోమారి వదినవాళ్లను ఇక్కడ దింపడానికి వచ్చిన ఆమె తమ్ముడు రేపు బయలుదేరి వస్తున్నాడు. అతని చేతికే ఇస్తున్నాను.

ఇక్కడ ఎండల గురించి ఏం చెప్పను. పొద్దున్నే నేల కాలుతుంది. మన దగ్గర ఈ రోజుల్లో మంచు దిగి ఎదుటి మనిషి కనపడడు కదా, ఇక్కడ ఎంత దూరానున్న మనిషైనా కనపడతాడు, కానీ తెలిసిన మొహం ఒక్కటీ ఉండదు. ఇక్కడా కొండలున్నాయి. చూసి సంబరపడ్డాను మొదట్లో. తీరా చూస్తే ఎవరో రాళ్లు కుప్ప పోసి వదిలేసినట్టుంటాయి. చెట్టు లేదు, గెడ్డ లేదు, పైన ఎవరి పోడూ లేదు. కొండను చూస్తే ఆకలి వేయాలి, లేదా దేవుడు గుర్తుకు రావాలి. వీటిని చూస్తే ఏమీ అనిపించదు.

తిండికి లోటు లేదు, బెంగపెట్టుకోకు. రాగి సంగటి, రాగి సంగటి అని వీళ్లు గొప్పగా చెబుతుంటే ఏమిటో అనుకున్నాను. మన చోడి పిండే అప్పా! మనం అంబలి చేసుకుని సొరకాయ బుర్రలో పోసుకుంటాం, వీళ్లు గట్టిగా ముద్ద చేసి పళ్లెంలో పెడతారు. మొదటిసారి ఆ ముద్ద వాసన తగలగానే మనింటి పొయ్యి దగ్గర కూర్చున్నట్టు అయిపోయింది. పరాయి ఊళ్లో చుట్టం కనపడ్డట్టు ఆ ముద్ద వైపు చూస్తూ ఉండిపోయాను. మీ మరిది తిను తిను అని రెండుసార్లు చెప్పాడు.

పని గురించి చెబుతాను. మీ మరిది పని చేసే ఫ్యాక్టరీలోనే మామిడి సీజన్‌కి ఆడవాళ్లను తీసుకున్నారు. అతను బాయిలర్ దగ్గర, నేను కాయల దగ్గర. మామిడి గుజ్జు తీసి డబ్బాలకెక్కించి ఎక్కడెక్కడికో పంపుతారు. గాజులు తీసేయాలి. తలకు టోపీ, చేతులకు తొడుగులు, కాళ్లకు బూట్లు. అద్దంలో చూసుకుంటే నన్ను నేనే గుర్తుపట్టలేదు. కడిగిన కాయలు బెల్టు మీద వరసగా వస్తాయి. మెత్తబడినవి, మచ్చలున్నవి ఏరి పక్కన పడేయడం నా పని. బయట గేటు దగ్గర నుంచి రోడ్డు మలుపు దాకా ట్రాక్టర్లు, లారీలు నిలబడి ఉంటాయి. అన్నీ మామిడికాయలే. ఎత్తేటప్పుడు కింద పడితే ఎవరూ వంగి తీయరు. చక్రాల కింద పడి నలుగుతుంటాయి. మొదటిరోజు నేను వంగి ఏరబోతే డ్రైవర్ హారన్ కొట్టాడు.

అంత మామిడి మధ్య పని చేస్తున్నాను, అప్పా. బట్టలకు అదే వాసన, జుట్టుకు అదే వాసన. ఒక్క ముక్క నోట్లో పెట్టలేదు.

నువ్వే కదా చెప్పావు. కాఫీ పళ్ల కోతలు అయిపోయాక మమ్మల్ని జీపు ఎక్కించేటప్పుడు, నా చెయ్యి వదలకుండా పట్టుకుని, "మన ఊర్లో కొత్తయ్యాక కబురెడతాను. అందాకా మామిడికాయ నోట్లో ఎట్టకే గుంటా. ఇన్నావా?" అన్నావు. విన్నాను అన్నాను. డ్రైవర్ తొందరపెడుతుంటే, "బేగి వచ్చీయే" అని కూడా అన్నావు. దానికి మాత్రం నేను ఏమీ అనలేదు. జీపు కదిలిపోయింది.

నా పక్కన రమణమ్మ అని ఈ ఊరి ఆవిడ పని చేస్తుంది. నీకంటే చాలా పెద్ద. నోరు పెద్దది, మనసు మంచిది. టీ తాగే వేళకు అందరం బయట చెట్టు కింద కూర్చుంటాం. ట్రాక్టర్ వాళ్లు మంచి పళ్లు నాలుగు ఇస్తారు, అందరూ కోసుకు తింటారు. నేను తినను. రమణమ్మ కొన్నాళ్లు చూసి చూసి ఉండబట్టలేక అడిగింది.

"ఏమ్మే, పొద్దస్తమానం పండ్లలో చేతులు పెట్టుకోనుండావు, ఒక ముక్క నోట్లో ఏసుకోవు. నీకేమన్నా చక్కెర జబ్బుండాదా?"

లేదన్నాను. అయితే మొక్కా అంది. మొక్కు కాదన్నాను. అయితే పొగరా అంది. అప్పుడు చెప్పాల్సొచ్చింది. మా దగ్గర కొత్త పండగ అయ్యేదాకా ఎవరూ మామిడి తినరని, పూజారి చెట్టు మొదట్లో కాయ కోసి, బియ్యంతో కలిపి దేవతకు పెడతాడని, ఆ తరవాత ఎవరింట్లో వాళ్లు చచ్చిపోయిన పెద్దల పేరు తలుచుకుని ఒక ఆకు వేస్తారని, దాని తరవాతే బతికున్న వాళ్లని, అందులోనూ వయసు వరసలోనే తినాలని చెప్పాను. మా ఇంట్లో మా అమ్మ ఆకు తరవాత మా అప్ప తింటుంది, అప్ప తిన్నాక ఆమె చేత్తో నాకు పెడుతుంది, అంతవరకు నాకు కొత్త కానట్టే అని చెప్పాను.

ఇక్కడింకో తమాషా. వీళ్ల భాషలో అప్ప అంటే నాన్నట. పక్కన అరవం కదా. వచ్చిన కొత్తలో నేను అప్ప అప్ప అని ఏడుస్తుంటే పాపం ఈ పిల్లకు నాన్న పోయాడు కాబోలు అని ఓదార్చారు. మా అప్ప ఆడమనిషి అని, నన్ను పెంచింది ఆమేనని, మీసం తప్ప అన్నీ ఉన్నాయని చెప్పాను. తిట్టుకోకు.

అంతా విని రమణమ్మ, "మీ ఊరి కాయ ఇంత తియ్యంగుంటాదా ఏమి?" అంది. అబద్ధం ఆడబుద్ధి కాలేదు. మా చెట్టు కాయ పిడికిలంత ఉంటుంది, అంతా పీచే, టెంక దగ్గర పులుపు, తిన్నాక పళ్లలోంచి పీచు లాక్కోవడానికే సగం పూట పడుతుంది అన్నాను. "ఓసి నీ ఇల్లు బంగారం కాను! దానికోసరమా ఇంత కత!" అని నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. కానీ ఆరోజు నుంచి ఆవిడ నా ఎదురుగా పండు తినడం మానేసింది. పండు చేతికి రాగానే లేచి ట్రాక్టర్ వెనక్కి వెళ్లి తిని, మూతి కడుక్కుని వస్తుంది.

మీ మరిది సంగతి వేరు. మొదటి లోడు వచ్చినరోజే తినేశాడు. కొత్త లేదు పాత లేదు. "మన దేవత ఇంత దూరం సూడ్డానికి దానికేటి పని లేదా?" అన్నాడు. మర్నాడు కడుపు పట్టుకుని మెలికలు తిరిగిపోయాడు. నేను వాము నీళ్లు ఇచ్చాను, పక్కన కూర్చున్నాను, లోపల మాత్రం నవ్వుకున్నాను. ఒకేసారి అన్ని పళ్లు తింటే ఎవరికైనా నొప్పి వస్తుందని ఇప్పటికీ వాదిస్తాడు.

నా తిక్క పని ఒకటి చెబుతాను. నువ్వు నవ్వుతావు. ఫ్యాక్టరీ వెనకాల టెంకలు గుట్ట పోస్తారు. మన ఊరి టెంకలన్నీ, పక్క ఊళ్లవన్నీ కలిపినా అందులో ఒక మూలకు రావు. మొదటిసారి చూసి నిలబడిపోయాను. చిన్నప్పుడు నేను టెంక చీకి కంప అవతలికి విసిరితే నువ్వు ముళ్లలో దూరి తెచ్చేదానివి. వీపు మీద ఒకటి వేసి, "వానల్లో అంబలేటి తాగుతావే, నీ తలకాయా?" అనేదానివి. అమ్మ పోయిన ఏడు ఆ వానాకాలమంతా టెంక అంబలి మీదే ఉన్నాం కదా. అటక మీద ఒక్క టెంక మిగిలినా దాన్ని చూసి నువ్వు ధైర్యంగా పడుకునేదానివి. ఆ గుట్ట ముందు నాకు ఏడుపొచ్చింది. ఇంత అంబలిని పారబోస్తున్నారు అనిపించింది.

వాచ్‌మన్‌ను అడిగితే, "చెత్తే కదమ్మా, ఎంత కావాలంటే అంత ఎత్తుకోని పో" అన్నాడు. ఒక సంచినిండా తెచ్చాను. మేడ మీద ఎండబెట్టాను, పగలగొట్టాను, లోపలి జీళ్లు తీశాను. కొత్త అయ్యేదాకా తినను, కానీ వానలకు దాచుకోవచ్చు కదా అనుకున్నాను. అంతా బాగానే ఉంది, చేదు పోవడానికి నానబెట్టాలి. మనకైతే బుట్టలో వేసి గెడ్డలో దించేస్తాం, పారే నీళ్లే చూసుకుంటాయి. ఇక్కడ గెడ్డేది? డ్రమ్ములో నానబెట్టాను. రెండో రోజుకే కంపు మొదలయింది. ఇంటి ఓనరు ముక్కు మూసుకుని వచ్చి, "ఏం చచ్చినాది మే మీ ఇంట్లో?" అని గది గదీ వెతికింది. మొత్తం తీసుకెళ్లి వేపచెట్టు మొదట్లో పారబోశాను. మీ మరిది ఇప్పటికీ పని నుంచి రాగానే గుమ్మంలో ముక్కు ఎగబీల్చి, "ఇవాళేటి నానబెట్టినావు?" అంటాడు.

ఇలా నవ్వుతూ, తిట్లు తింటూ రోజులు గడుస్తున్నాయి. ఫోన్ చేసినప్పుడల్లా కొత్త అయిందా అని అడిగేదాన్ని. నువ్వేమో ఒకసారి, "ఇంకా లేదే, పూజారికి ఒంట్లో బాగోలేదు" అన్నావు. ఇంకోసారి పూజారి కూతురు పురిటికి వచ్చిందన్నావు. మరోసారి కాయ ఇంకా ముదరలేదన్నావు. నేను నమ్మాను. ఇక్కడి పళ్లు పండి కారిపోతుంటే మన కాయ ముదరకపోవడం ఏమిటని ఆలోచించలేదు. మనది చల్లటి చోటు, ఆలస్యమవుతుందిలే అని నాకు నేనే చెప్పుకున్నాను. పూజారికి జ్వరం తగ్గాలని ఇక్కడి అమ్మవారికి దండం కూడా పెట్టుకున్నాను. అతను శుభ్రంగా ఉన్నాడని, మొన్న సంతలో మేకను బేరమాడాడని ఇప్పుడు తెలిసింది.

నిన్న సోమారి వదినవాళ్లు దిగారు. వదినను చూడగానే మెడ పట్టుకుని ఏడ్చేశాను. ఆమె జాకెట్టుకు మన పొగ వాసన ఉంది. నువ్వు పంపిన సంచి ఇచ్చింది. గుమ్మరించి చూశాను. చోడి పిండి, పసుపు కొమ్ములు, పిప్పళ్లు, కూరకి ఎండబెట్టిన లేత వెదురు కొమ్ము, కొండ చీపురు, అడ్డాకులు కుట్టిన కట్ట. అన్నీ నీ చేతి ముడులే. ఆ ముడి విప్పడానికి పళ్లు పెట్టాల్సొచ్చింది, ఎప్పటిలాగే. సంచి అడుగుదాకా వెతికాను. మామిడికాయ లేదు. ముక్క లేదు, ఎండబెట్టిన ఒరుగైనా లేదు.

"వదినా, కొత్త ఇంకా అవలేదా?" అని అడిగాను.

ఆమె నావైపు వింతగా చూసింది. "అవకపోవడమేటే? ఎప్పుడో అయిపోనాది. ఊరోళ్లందరం తిని సేతులు కడిగేసుకున్నాం. ఇంక సెట్ల మీద కాయలే లేవు. మీ అమ్మ సెట్టుకే కొసన నాలుగు ఉన్నాయి. మీ అప్ప ఎవుల్నీ కొయ్యనియ్యదు."

"మరి అప్ప తిన్నదా?"

"మీ అప్పా? అదేటి తింటాదే. మీ బావకెట్టింది, పిల్లలకెట్టింది. మీ అమ్మ పేరున ఆకేసింది. నీ పేరున ఇంకోటేసింది. తను మాత్తరం ముట్టలేదు. ఏటే ఇది అంటే నా మీద ఇరుసుకుపడింది." ఆగి, ఇంక దాచడం ఎందుకనుకుందేమో, చెప్పేసింది. "'కబురెడితే గుంట అక్కడే తినేస్తాది. తినేసినాక మరిటు రాదు' అంటాదే మీ అప్ప."

అప్పా, ఆ మాట విన్నప్పుడు చేతిలో నీ అడ్డాకుల కట్ట ఉంది. కోపం వచ్చింది, ఏడుపు వచ్చింది, రెండూ ఒకేసారి. ఎంత మోసమే! పెద్దవాళ్లకు వరస నేర్పే నువ్వు, పూజారికి లేని జ్వరం తెప్పిస్తావా? ఊరంతా తిన్నాక నువ్వొక్కదానివీ చెట్టు కింద కాపలా కూర్చుంటావా? నేను రావాలంటే రమ్మనవచ్చు కదా. గట్టెక్కి స్పీకర్ పెట్టి, ఊరందరి ముందూ, "నువ్వు లేక ఉండలేకపోతన్నానే" అని అరవవచ్చు కదా. ఆ ఒక్క మాటకి మాత్రం నీకు సిగ్గు.

సోమారి వదిన పడుకున్నాక మీ మరిదితో చెప్పాను. ఎగతాళి చేస్తాడనుకున్నాను. చేయలేదు. "మీ యిద్దరికీ ఒకటే పిచ్చి" అని మాత్రం అని, అటు తిరిగి పడుకున్నాడు. పొద్దున్న టిఫిన్‌కి వాళ్ల సెక్షన్ వాళ్లు మామిడి కోస్తే ఇతను తినలేదని తరవాత తెలిసింది.

ఆ చెట్టు నాకు కళ్లకు కట్టినట్టు కనపడుతోంది. గెడ్డ ఒడ్డున, ఒకవైపుకు వాలి. అమ్మ టెంక నాటిన రోజు నాకు గుర్తులేదు, నువ్వు చెప్పిందే గుర్తు. నేను ఆమె వీపున గుడ్డలో ఉన్నానట. నాటి, చుట్టూ ముళ్లు పేర్చి, "మేక తినకపోతే మీరు తింటారు" అందట. మేకా తినలేదు, అమ్మా తినలేదు. కాపుకొచ్చేసరికి ఆమె లేదు. మొదటి కాపు నాలుగో అయిదో కాయలు. పూజారి కొత్త చేశాక అమ్మ ఆకులో మొదటి ముక్క పెట్టి నువ్వు చాలాసేపు అలాగే కూర్చున్నావు. నాకు ఆకలి. "అప్పా బేగి తినే, నాకెట్టే" అని నీ భుజం కుదిపాను. నువ్వు ఒక ముద్ద తిని, అదే చేత్తో నాకు పెట్టావు. అన్నంలో మామిడి ముక్క, నీ వేళ్ల ఉప్పు. ఏడుస్తూ పెట్టావు కాబోలు, నేను తినే తొందరలో చూడలేదు.

ఇక్కడ బెల్టు మీద పోయే పళ్లలో మన చెట్టు కాయ ఒకటి వస్తే, నా చేతులే దాన్ని ఏరి పక్కన పడేస్తాయి. చిన్నది, మచ్చలది, పనికిరానిది. ఇది మాత్రం ప్రతిరోజూ అనుకుంటాను. పనికిరాదనే కాయ కోసం ఇద్దరం నోరు కట్టుకుని కూర్చున్నాం. నువ్వు కొండ మీద, నేను ఇక్కడ. నేను వచ్చేదాకా నువ్వు తినవు. నువ్వు తిననిదే నాకు కొత్త కాదు. ఇలా అయితే ఆ నాలుగు కాయలూ పక్షులకే.

ఇప్పుడు అసలు మాట. ఇందుకే ఫోన్ వద్దనుకున్నాను. నేను ఇప్పుడు రాలేను, అప్పా. ఇక్కడ నర్సమ్మ, ఇంకొన్నాళ్లు ఘాట్ రోడ్డు ఎక్కవద్దంది, జీపు కుదుపులు అసలే వద్దంది. ఎందుకో నీకు అర్థమై ఉంటుంది. అర్థం కాకపోతే బావను అడుగు. అతనికీ అర్థం కాకపోతే రమణమ్మను అడుగు. పుల్లటి వాసనకు నేను కళ్లు మూసుకోవడం చూసి అందరికంటే ముందు ఆవిడే కనిపెట్టింది. "ఏమ్మే, కడుపుతో ఉండి మామిడి తినవా? అది రేపు పుట్టినాక నిన్ను అడగదా?" అని ఆరోజు నిజంగానే కోప్పడింది. బెల్టు దగ్గర నాకు ఇప్పుడు స్టూలు ఇచ్చారు, కూర్చునే పని చేస్తున్నాను. ఒంట్లో బాగానే ఉంది. పొద్దున పూట మాత్రం వికారం. నువ్వు పంపిన పసుపు వాసన కూడా కాసేపు తట్టుకోలేకపోయాను, కానీ మళ్లీ దగ్గర పెట్టుకున్నాను.

బెంగపెట్టుకోకు అని మళ్లీ చెబుతున్నాను. మీ మరిది నీళ్లు మోయనివ్వడం లేదు. రమణమ్మ సంగటి తెచ్చి పెడుతోంది. సోమారి వదిన ఇక ఇక్కడే ఉంటుంది. కానీ కాన్పుకి నేను మన ఇంటికే వస్తాను. వేరే మాట లేదు. అమ్మ లేని ఇంట్లో పుట్టిల్లంటే నువ్వే. నన్ను గుడ్డలో కట్టుకుని మోసినట్టే దాన్నీ మోయాలి, మోకాలి నొప్పి అని తప్పించుకోకు. నువ్వు కబురు పెట్టినా వస్తాను, పెట్టకపోయినా వస్తాను. మామిడి తిన్నంత మాత్రాన దారి మరిచిపోతానని ఎలా అనుకున్నావే? జీపు దగ్గర బేగి రమ్మంటే నేను మాట్లాడలేదు కదా, అదే నీ గుండెలో పడిపోయినట్టుంది. అప్పుడు నోరు తెరిస్తే ఏడ్చేస్తానని ఊరుకున్నాను, అంతే.

అందుకని నీకొక పని చెబుతున్నాను. చెల్లెలు అప్పకు పని చెప్పకూడదు, అయినా చెబుతున్నాను. ఈ ఉత్తరం అందిన రోజునే, గాలివాన రాకముందే, బావతో ఆ కొస కొమ్మ కాయలు దింపించు. నువ్వు ఎక్కకు. అమ్మ ఆకు వెయ్యి. నా ఆకు కూడా వెయ్యి, నాకు తెలియాలి కదా నేను ఆ ఇంటిదాన్నేనని. తరవాత నువ్వు తిను. కూర్చుని, తొందరపడకుండా, పళ్లలో పీచు ఇరుక్కునేలా తిను. తిన్నాక గట్టు ఎక్కి ఫోన్ చెయ్యి. స్పీకర్ పెట్టుకో, అరిచి చెప్పు, ఊరంతా విననీ. "తిన్నానే" అన్న ఒక్క మాట చాలు.

అంతవరకు నేను తినను. ఇదివరకు నేనొక్కదాన్నే కాబట్టి నువ్వు ఆడించినట్టు ఆడాను. ఇప్పుడు నాతో ఇంకొకరున్నారు. రమణమ్మ ఇప్పటికే ఒక మంచి పండు ఏరి, వద్దంటున్నా వినకుండా మా గది కిటికీలో పెట్టింది. "మీ అప్ప ఫోన్ చేసినాక తిను, చెయ్యకపోతే నేను పోయి ఆ యమ్మను అడిగొస్తా" అంది. చేసినా చేస్తుంది, ఆవిడను నువ్వు ఎరగవు. పండు మగ్గుతోంది. ఈ వాసనలో కూర్చునే నీకు ఉత్తరం రాస్తున్నాను.

కాయలు తిన్నాక టెంకలు పారెయ్యకు. ఎలాగూ పారెయ్యవు. వాటిలో మంచిదొకటి ఏరి, గెడ్డ ఒడ్డున అమ్మ చెట్టుకు కాస్త ఎగువన నాటు, చుట్టూ ముళ్లు పేర్చు. మేకను జాగ్రత్తగా కట్టెయ్యి. మిగిలినవి అటక మీద ఉంచు, వానల్లో నేనొస్తే అంబలి కావాలి. వచ్చే ఏడు కొత్తకి మనింట్లో ఇంకో ఆకు పెరుగుతుంది. దానికి మొదటి ముక్క నీ చేత్తోనే పెట్టాలి, నా చేత్తో కాదు. అప్పుడు నీ మోకాలి నొప్పీ, పూజారి జ్వరమూ ఏవీ వినను.

బావకు నా దండాలు చెప్పు. పిల్లలకు ముద్దులు. పూజారి గారికి కూడా దండాలు, ఆయనకు లేని జబ్బు అంటగట్టినందుకు నా తరఫున ఒక కల్లు బుర్ర ఇప్పించు. కాఫీ మొక్కలకు నీడ కొమ్మలు కొట్టించారో లేదో రాయించు. మిరియాల తీగ ఎంతవరకు పాకిందో చెప్పు. నీకోసం ఇక్కడి సంతలో ఒక నేత చీర చూసి పెట్టాను, ఎర్ర అంచుది, వచ్చేటప్పుడు తెస్తాను.

నువ్వు పంపిన కట్టలోంచి ఒక అడ్డాకు తీసి కడిగి, కిటికీలో ఆ పండు పక్కనే పెట్టాను. పెద్దలందరి దీవెనలూ, నీ దీవెన అన్నిటికంటే ముందు, మా ఇద్దరికీ కాదు, మా ముగ్గురికీ కావాలి.

నీ తరవాతి ముద్ద నాదే కనుక, నువ్వు తిన్న కబురు కోసం ఆకు వేసుకుని కూర్చున్న

నీ చెల్లెలు,
బుదురి